గుండెకో గుండుసూది

మార్చి పదో తేదీ ఉదయం తొమ్మిది గంటల దాకా గంధవరం జిల్లాలో ఎవరి గుండె ఆగినా, దాన్ని మళ్లీ కొట్టించడానికి రెండు చేతులు సరిపోయేవి. తొమ్మిదీ అయిదుకి సర్క్యులర్ వచ్చింది. ఆ నిమిషం నుంచి రెండు చేతులతో పాటు ఒక స్టేప్లరు కూడా అవసరమైంది.

ఆ సర్క్యులర్‌ని అందరికంటే ముందు చదివింది మద్దాల ఎస్తేరు. ఏడో నంబరు అంబులెన్సులో ఎనిమిదేళ్లుగా టెక్నీషియన్. ఎనిమిదేళ్లుగా కాంట్రాక్టే. ఏప్రిల్ నెలాఖరున పర్మనెంటు జాబితా వస్తుందని, ఒక్క మెమో ఉన్నా అందులోంచి పేరు కొట్టేస్తారని ఆఫీసు గోడలక్కూడా తెలుసు. అందుకని ఎస్తేరు ఈ మధ్య ఏ కాగితాన్నయినా రెండుసార్లు చదువుతోంది. దీన్ని నాలుగుసార్లు చదివింది.

‘ఇందుమూలముగా సమస్త సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, అత్యవసర వాహనము స్టేషనరీ కలిగియున్నప్పుడు మాత్రమే రోగికి సీపీఆర్ చేయవలెను. స్టేషనరీ లేని వాహనమందు సీపీఆర్ చేయుట సిబ్బంది భద్రతకును, రోగి క్షేమమునకును భంగకరము. అతిక్రమించినవారు శాఖాపరమైన చర్యలకు పాత్రులగుదురు.’

“తాతబ్బాయన్నయ్యా, స్టేషనరీ అంటే ఏంటి?”

డ్రైవరు వాసంశెట్టి తాతబ్బాయి అద్దం తుడవడం ఆపాడు. యాభై రెండేళ్ల మనిషి. అంబులెన్సు నడపకముందు పద్దెనిమిదేళ్లు కొబ్బరికాయల లారీ నడిపాడు.

“కాయితాలూ, పెన్నులూ, జిగురుసీసా. అదే కదమ్మా?”

“గుండెకీ జిగురుకీ ఏంటన్నయ్యా సంబంధం?”

“పెద్దోళ్లకి తెలుస్తాదమ్మా. మనకే తెలిస్తే మనం ఈ బండిలో ఎందుకుంటాం, ఆ బిల్డింగులో ఉంటాం గానీ.”

ఎస్తేరుకి తెలిసిన సీపీఆర్ చాలా చిన్న సంగతి. ఛాతీ మధ్యలో రెండు చేతులూ ఒకదాని మీద ఒకటి వేసి, మోచేతులు వంచకుండా, రెండంగుళాల లోతుకి, నిమిషానికి నూట పదిసార్లు నొక్కాలి. ఆపకూడదు. వీలైనంత వరకు మనిషి పడ్డచోటే, గట్టి నేల మీదే చెయ్యాలి. తప్పనిసరై కదిలే బండిలో చెయ్యాల్సివస్తే అది ఊగే పడవలో నిలబడి పిండి దంచినట్టుంటుంది. అందుకని వాళ్లిద్దరికీ ఒక పద్ధతి ఉంది. తాతబ్బాయి మెత్తగా నడుపుతూ, రాబోయేదాన్ని ముందే కేకేసి చెబుతాడు. “గొయ్యి!” అంటే మోకాళ్లు స్ట్రెచర్‌కి ఆనించాలి. “కుడి మలుపు!” అంటే ఎడమ కాలు తన్నిపెట్టాలి. “గేదె!” అంటే దేవుణ్ణి తలుచుకోవాలి.

ఈ పద్ధతిలో పెన్నుతో పని ఇంతవరకూ పడలేదు.

*

జేడీ, అనగా జాయింట్ డైరెక్టరు, చెరుకుమిల్లి పరబ్రహ్మం గారు ఆ మధ్యాహ్నమే సమావేశం పెట్టారు. ఇరవై ఆరేళ్ల సర్వీసులో రాజధాని నుంచి తన మనసులో మాట ఆర్డరుగా రావడం ఆయనకి ఇదే మొదటిసారి. ముఖం పెళ్లికొడుకులా వెలిగిపోతోంది.

“శాఖకు కాగితమే ప్రాణమని నేను ఏనాటినుంచో నొక్కి వక్కాణిస్తున్నాను,” అన్నారు. “నేడు ప్రాణానికి కాగితమే ఆధారమని రాజధాని వారు అంగీకరించారు. ఇంగ్లీషులో వచ్చిన ఈ ఉత్తర్వును మన సూపరింటెండెంటు లింగమూర్తి గారు ఒక్క గంటలో తెనిగించారు. ఇతర జిల్లాలు ఇంకా నిద్రలో ఉన్నాయి. అమలులో మనమే ప్రథములం.”

లింగమూర్తి గారు లేచి నమస్కారం పెట్టి కూర్చున్నారు.

ఎస్తేరు చెయ్యెత్తింది. “సార్, స్టేషనరీ ఎందుకో అర్థం కాలేదండీ.”

“మంచి ప్రశ్న,” అన్నారు పరబ్రహ్మం గారు, ప్రశ్న మంచిది కాదని అందరికీ తెలిసే గొంతుతో. “చూడమ్మాయ్. నువ్వు నొక్కుతావు. నొక్కావనుటకు రుజువేది? గుండె ఏ గంటకు ఆగినది? ఎవరి అనుమతితో ఆగినది? తిరిగి ఎప్పుడు విధులలో చేరినది? ఇవన్నీ రాయవద్దా? రాయాలంటే ఏం కావాలి?”

“పెన్నండీ.”

“పెన్ను మాత్రమే అంటే కాగితం ఎగిరిపోదూ? కనుక పేపర్‌వెయిటు. కాగితాలు విడిపోవూ? కనుక గుండుసూది. ఆ పేరులోనే గుండె ఉన్నది, గమనించారా? మన పూర్వులు అమాయకులు కారు.”

అందరూ గమనించారు. కొందరు రాసుకున్నారు కూడా.

వారం తిరక్కుండా ప్రతి అంబులెన్సులోనూ ఒక ఇనప బీరువా వెలిసింది. బీరువాలో పందొమ్మిది రకాలు: తెల్లకాగితాలు, కార్బన్ పేపర్లు, టాగ్‌లు, పంచింగ్ మిషను, స్టాంపు ప్యాడు, ఎర్ర లక్క, ఇంకా ఏవేవో. బీరువాకి చోటు కోసం రెండో ఆక్సిజన్ సిలిండర్ దిగిపోయింది. సీపీఆర్ మొదలుపెట్టే ముందు పందొమ్మిదీ ఉన్నాయో లేదో చూసి, పట్టికలో టిక్కులు పెట్టి, సంతకం చెయ్యాలి. ఎస్తేరు గడియారం పెట్టి చూసింది. నాలుగు నిమిషాలు పట్టింది.

“సార్, నాలుగు నిమిషాలు రక్తం అందకపోతే మెదడు దెబ్బతినడం మొదలవుతుందండీ.”

“అందుచేతనే,” అన్నారు పరబ్రహ్మం గారు, “టిక్కులు త్వరితగతిన పెట్టవలెను.”

దాంతో శిక్షణ తరగతులు మొదలయ్యాయి. రబ్బరు బొమ్మని పడుకోబెట్టి, పక్కన బీరువా పెట్టి, విజిల్ ఊదేవారు. మూడో నంబరు బండి కుర్రాడొకడు పందొమ్మిదీ యాభై రెండు సెకన్లలో లెక్కతేల్చి జిల్లా రికార్డు సృష్టించాడు. శాలువా కప్పారు. బొమ్మని నొక్కడం మర్చిపోయాడన్న సంగతి ఎవరూ ఎత్తలేదు, ఎందుకంటే మార్కుల పట్టికలో ఆ గడి లేదు.

ఎస్తేరు దారి ఎస్తేరు చూసుకుంది. పొద్దున్నే డ్యూటీలోకి రాగానే పందొమ్మిది టిక్కులూ పెట్టి, సంతకం చేసి, టైము గడి ఖాళీగా వదిలేసేది. గాజు పేపర్‌వెయిటు మాత్రం లొంగలేదు. పాత వంతెన దగ్గర తాతబ్బాయి “గొయ్యి!” అని అరిచేలోపే బీరువాలోంచి లేచి వచ్చి ఎస్తేరు నుదుటి మీద కోడిగుడ్డంత బొప్పి కట్టించింది.

“అరవాల్సింది ‘గొయ్యి’ అని కాదన్నయ్యా. ‘గాజు’ అని అరవాలి.”

“అలాగేనమ్మా. ‘గొయ్యి, గాజు’ రెండూ కలిపి అరుస్తాన్లే.”

విషయం ఊళ్లోకి పాకింది. బస్టాండులో ఒకాయన ఎండకి సొమ్మసిల్లితే జనం పుస్తకాల షాపుకి పరిగెత్తారు. ఆయన తనంతట తనే కళ్లు తెరిచి, ఛాతీ మీద జామెట్రీ బాక్సు చూసి, మళ్లీ సొమ్మసిల్లాడు. షాపాయన మర్నాడే బోర్డు రాయించాడు: ‘ఇచ్చట గుండెకు సంబంధించిన సమస్త సామగ్రి లభించును.’

*

ఏప్రిల్ మొదటి వారంలో పరబ్రహ్మం గారు ‘జిల్లా స్టేషనరీ వారోత్సవాలు’ ప్రకటించారు. మొదటి రోజు మున్సిపల్ మైదానంలో ప్రదర్శన, గడియారస్తంభం దగ్గర జెండా ఊపడం, అంబులెన్సుల ఊరేగింపు. ప్రదర్శనలో పెట్టడానికి అన్ని బండ్లలోని స్టేషనరీ బీరువాలతో సహా ముందురోజే అప్పజెప్పాలని ఆదేశం.

“మరి రేపు కేసొస్తే ఎలాగండీ?” అనడిగింది ఎస్తేరు, బీరువా దించుకోవడానికి వచ్చిన లింగమూర్తి గారిని.

“రేపు ఒక్కరోజూ గుండెలు ఆగకుండా జాగ్రత్త వహించమని ప్రజలకు విజ్ఞప్తి చేశామమ్మా. పేపర్లో కూడా వేశారు.”

ఊరేగింపులో ఏడో నంబరు లేదు. రంగు పెచ్చులూడిపోయిందని వద్దన్నారు. ఆ విధంగా, గురువారం ఉదయం పదింటికి, జిల్లా కేంద్రం మొత్తానికి డ్యూటీలో ఉన్నది ఒకే ఒక్క అంబులెన్సు. దాంట్లో ఒక్క గుండుసూది కూడా లేదు.

పదీ ఇరవైకి ఫోను మోగింది.

యర్రంశెట్టి భీమరాజు బీమా ఏజెంటు. ఊళ్లో ‘బీమా భీమరాజు’ అంటేనే తెలుస్తుంది. రైసుమిల్లు అరుగు మీద కూర్చుని మిల్లు యజమానికి పాలసీ అంటగడుతున్నాడు. “ప్రాణం నీటిబుడగండి బాబూ. ఇప్పుడు మాటాడతా ఉన్న మనిషి మరుక్షణం—” అన్నాడు. మరుక్షణం పడిపోయాడు.

మిల్లు యజమాని చప్పట్లు కొట్టాడు. ఇంత బాగా నటించి చూపించే ఏజెంటుని ఆయన ఇంతవరకూ చూడలేదు. భీమరాజు లేవకపోయేసరికి గుమస్తా ఫోను చేశాడు. అదృష్టం బాగుండి ఏడో నంబరు మిల్లు ఎదురుసందులోనే ఆగి ఉంది.

ఎస్తేరు అరుగు మీదే మోకాళ్లూనింది. చొక్కా గుండీలు విప్పే వ్యవధి లేదు, కత్తెరతో నిలువునా చీల్చేసింది. నొక్కడం మొదలుపెట్టింది. తాతబ్బాయి షాకు మిషను తెచ్చాడు. మిషను చెప్పినట్టు అందర్నీ దూరం జరిపి ఒక షాకిచ్చింది. మళ్లీ నొక్కింది. మూడో నిమిషంలో మెడ దగ్గర వేళ్లకి చిన్న కదలిక తగిలింది. నాడి.

“బండెక్కించన్నయ్యా!”

మిల్లు దాటారు, కూరగాయల మార్కెట్టు దాటారు. గడియారస్తంభం సెంటర్లోకి రాగానే బండి ఆగింది. అదే నిమిషంలో భీమరాజు గుండె కూడా మళ్లీ ఆగింది.

రోడ్డుకి అడ్డంగా తాడు కట్టి ఉంది. తాడవతల జెండాలు కట్టిన ముప్ఫై అంబులెన్సులు, ఒక్కో దాని మీద ఒక్కో బీరువా. వెనక ఆటోలు, లారీ, ఐసు బండి చేరి సందు లేకుండా బిగించేశాయి.

“బాబూ, తాడు తియ్యవయ్యా! లోన మనిషి పోతన్నాడు!” అని అరిచాడు తాతబ్బాయి.

“జేడీ గారు జెండా ఊపితేగానీ తియ్యకూడదండీ,” అన్నాడు హోంగార్డు. “ముందు ఉపన్యాసముంది.”

ఎస్తేరుకి ఇవేవీ వినపడటం లేదు. సీటుబెల్టు తీసి నిలబడింది, భీమరాజు ఛాతీ మీద వంగింది. ఒక్క క్షణం, నిజంగా ఒక్కటే క్షణం, బీరువా ఉండాల్సిన ఖాళీ చోటు కంటికి ఆనింది. ఎనిమిదేళ్లు. పర్మనెంటు జాబితా. మెమో. ఆ ఖాళీ చోటుకి వీపు తిప్పి నొక్కడం మొదలుపెట్టింది.

రెండు నిమిషాలకి చేతులు బరువెక్కాయి. బండి ఎలాగూ కదిలేది లేదు గనక తాతబ్బాయి స్టీరింగు వదిలేసి వెనక్కి వచ్చాడు. రెండేసి నిమిషాలకి ఒకళ్లు చొప్పున మార్చుకున్నారు. కొబ్బరికాయల బస్తాలు ఎత్తిన చేతులవి, లయ తప్పలేదు. బయట మైకులో పరబ్రహ్మం గారి గొంతు ఖంగుమంటోంది: “ఒక్క క్షణం! ఒక్క క్షణమైనను వృథా చేయరాదు! ప్రాణము విలువైనది!”

రెండో షాకు తర్వాత, “మహాశయులారా, చివరిగా ఆరు మాటలు” అన్న దగ్గర, భీమరాజు దగ్గాడు. కళ్లు తెరిచాడు. తన మీదికి వంగి, చెమటలు కారుస్తూ ఉన్న ఎస్తేరుని కాసేపు పరీక్షగా చూశాడు.

“అమ్మా,” అన్నాడు నూతిలోంచి వచ్చినట్టున్న గొంతుతో, “నీకు పాలసీ ఉందా?”

*

మెమో శుక్రవారం వచ్చింది. ‘స్టేషనరీ రహిత వాహనమందు ఒక మనిషిని అనుమతి లేకుండా బ్రతికించినందుకు’ సంజాయిషీ ఇవ్వాలని.

భీమరాజు ఆసుపత్రిలో పది రోజులున్నాడు. కాలు నిలవగానే ఎస్తేరుని వెంటబెట్టుకుని జేడీ ఆఫీసుకి వెళ్లాడు. పరబ్రహ్మం గారు ఆయన్ని కుర్చీ అంచున కూర్చోబెట్టి జాలిగా చూశారు.

“మీరు బ్రతికారు. వ్యక్తిగతంగా నాకు సంతోషమే. కానీ నిబంధనల ప్రకారం మీపై జరిగిన సీపీఆర్ చెల్లదు. చెల్లని సీపీఆర్ వలన కలిగిన బ్రతుకు చెల్లుతుందా? చెల్లదు. ప్రస్తుతానికి మీది అక్రమ జీవనం.”

“అక్రమ జీవనమేటండి! ఇలాటి మాట మా మావగారు కూడా అన్లేదండి!”

“ఆవేశపడకండి. అక్రమ లేఅవుట్లను క్రమబద్ధీకరించడం లేదా? అటులే మీరూ దరఖాస్తు చేసుకోవచ్చు. మూడు ప్రతులు.”

“అంటే ఈలోగా నేను బతికున్నట్టా, పోయినట్టా అండి?”

“పరిశీలనలో ఉన్నట్టు.”

భీమరాజు ముప్ఫై ఏళ్లుగా జనానికి చావుని గురించి చెబుతున్నాడు. పరిశీలనలో ఉండే ప్రమాదానికి ఏ పాలసీలోనూ రక్షణ లేదని ఆయనకి ఆ క్షణంలో తట్టింది.

బయటికి వచ్చాక ఎస్తేరు అంది: “విచారణ ఇరవై ఆరో తారీకటండీ. జాబితా ముప్పయ్యో తారీకు.”

“నువ్వు దిగులు పడకమ్మా. ఆ సంగతి నాకొదిలెయ్యి. నీ కొలువు నిలబడితేనే కదా నా బతుకూ నిలబడేది.”

*

ఇరవై ఆరో తేదీ. జేడీ గారి గది. గోడ మీద ఆయన వెనకాల కొత్తగా ఫ్రేము కట్టించిన పెద్ద ఫోటో, జెండా పట్టుకుని మైకు ముందు ఉపన్యాసమిస్తున్నది. ఒకపక్క లింగమూర్తి గారు. రెండోపక్క రాజధాని నుంచి సాంకేతిక సభ్యురాలిగా వచ్చిన డాక్టరు నస్రీన్. ఆమె వచ్చిన దగ్గర్నుంచి ఫైలు చదువుతూ, పేజీ తిప్పిన ప్రతిసారీ అద్దాలు తుడుచుకుంటోంది. ఎదురుగా ఎస్తేరు, ఆమె పక్కన భీమరాజు. తలుపు దగ్గర తాతబ్బాయి.

“వాహనమందు స్టేషనరీ లేదని ఒప్పుకొనుచున్నావా?” అనడిగారు పరబ్రహ్మం గారు.

ఎస్తేరు నోరు తెరవబోయింది.

“ఉందండి!” అన్నాడు భీమరాజు లేచి. చంకలోని గుడ్డసంచి విప్పి, నిలువునా చిరిగిన చొక్కాని బల్ల మీద పరిచాడు. “ఆసుపత్రోళ్లు ఇచ్చేసేరు. జేబు చూడండి. పెన్ను. డైరీ. కార్బన్ పేపరు. రబ్బరు బ్యాండు. నాలుగు గుండుసూదులు. నేను ఏజెంటునండి బాబూ, ఇవి లేకుండా స్నానానికైనా ఎల్లను. స్టేషనరీ మొత్తం గుండెకి రెండంగుళాల దూరంలోనే ఉంది. మీ బీరువా అయితే నాలుగడుగులు!”

లింగమూర్తి గారు గుండుసూదులు లెక్కపెట్టారు. నాలుగే.

“రోగికి చెందిన స్టేషనరీ వాహనమునకు చెందునా?” అని పరబ్రహ్మం గారు కళ్లు మూసుకున్నారు. ఆయన ఆలోచిస్తున్నప్పుడు పంకా కూడా నెమ్మదించినట్టుంటుంది. “కలము జేబులో ఉన్నది. జేబు చొక్కాకు ఉన్నది. చొక్కా రోగికి ఉన్నది. రోగి వాహనములో ఉన్నాడు. కనుక కలము వాహనములో ఉన్నది.” కళ్లు తెరిచారు. “సరే. అభియోగము వీగిపోయినది.”

ఎస్తేరు ఊపిరి పీల్చుకుంది.

“ఒక్క నిమిషం,” అంది డాక్టరు నస్రీన్. “పావుగంట నుంచి చూస్తున్నా. ఈ పెన్నులూ గుండుసూదులూ ఏంటి? ఈ బీరువా ఏంటి?”

“తమరి ఉత్తర్వే కదండీ. స్టేషనరీ,” అన్నారు లింగమూర్తి గారు.

డాక్టరమ్మ తన సంచిలోంచి అసలు ఇంగ్లీషు కాగితం తీసి బల్ల మీద పెట్టింది. “ఈ ఉత్తర్వు రాసింది నేనే. వీలైనంత వరకు బండి ఆపి సీపీఆర్ చెయ్యమన్నాను, కదిలే బండిలో నిలబడితే మా పిల్లలు పడిపోతారని. ఆగి ఉండటాన్ని ఇంగ్లీషులో స్టేషనరీ అంటారు. కాగితాలూ పెన్నుల్నీ స్టేషనరీ అంటారు. ఇంగ్లీషు స్పెల్లింగులో ఒక్క అక్షరం తేడా. ‘ఎ’ పెడితే బండి ఆగుతుంది. ‘ఇ’ పెడితే పెన్నులొస్తాయి.”

లింగమూర్తి గారి ముఖంలో రక్తం ఎటో సెలవు మీద వెళ్లిపోయింది.

“తెలుగులో రాస్తే రెండూ ఒకటేనండీ,” అన్నారు నెమ్మదిగా. “స్టే... ష... న... రీ. ఆ తేడా చూపించే సౌకర్యం మన లిపిలో లేదండీ. తప్పు నాది కాదు. వర్ణమాలది.”

“అయితే వర్ణమాలకు మెమో ఇవ్వండి,” అన్నారు పరబ్రహ్మం గారు, అలవాటు కొద్దీ.

“యాభై ఆరు అక్షరాలకీ విడివిడిగానాండీ, కలిపి ఒకటేనా?”

ముప్ఫై బీరువాలు పరబ్రహ్మం గారి కళ్లముందు వరసగా నడిచి వెళ్లిపోతున్నాయి. కానీ ఇరవై ఆరేళ్ల సర్వీసు ఊరికే పోదు. ఆయన నెమ్మదిగా ఎస్తేరు వైపు తిరిగారు.

“అనగా,” అన్నారు, “వాహనము ఆగియుండవలెను. అమ్మాయ్, ఆనాడు నీవు నొక్కునప్పుడు వాహనము ఆగియున్నదా?”

“ఆగే ఉందండీ.”

“‘వీలైనంత వరకు’ అని కూడా రాశాను,” అంది డాక్టరమ్మ.

“తెలుగు ప్రతిలో ఆ మాట లేదండీ. పేజీలో చోటు చాలలేదు. తెలుగు ప్రతియే అమలు ప్రతి.” పరబ్రహ్మం గారు మళ్లీ ఎస్తేరు వైపు తిరిగారు. “ఆగియున్నదనుటకు ఆధారమేది? బండి లాగ్‌బుక్కు ఏది?”

“లాగ్‌బుక్కు స్టేషనరీ కిందకి వస్తుందని ప్రదర్శనకి పట్టుకెళ్లారండీ.”

“అనగా ఆధారము లేదు. పైగా, ఆగియున్నచో ఎందుకు ఆగినది? నడిరోడ్డు మీద రోగిని పెట్టుకుని అంబులెన్సు ఆపుట మరియొక నేరము. ఎవరు ఆపారు?” పరబ్రహ్మం గారి గొంతు పుంజుకుంది. బల్ల మీద ఒక్క చరుపు చరిచారు. “అంబులెన్సును ఆపినవాడెవడైనా సరే, ఎంతటివాడైనా సరే, ఉపేక్షించేది లేదు! రాసుకోండి లింగమూర్తి గారూ!”

లింగమూర్తి గారు రాసుకున్నారు.

తలుపు దగ్గర తాతబ్బాయి చేతులు కట్టుకుని ముందుకు వచ్చాడు.

“ఆయ్, నేను చెప్పొచ్చాండి?”

“చెప్పు.”

“ఆధారం మీ నెత్తి మీదే ఉందండి.”

అందరూ గోడ వైపు చూశారు. ఫోటోలో పరబ్రహ్మం గారు మైకు ముందు నిండుగా నవ్వుతూ జెండా ఎత్తి ఉన్నారు. ఆయన చంక కింద నుంచి తాడు కనిపిస్తోంది. తాడు వెనకాల, కుడి మూలన, రంగు పెచ్చులూడిన ఒక అంబులెన్సు. నెత్తిన దీపం వెలుగుతోంది. బానెట్టు మీద ‘ఏడు’ అని స్పష్టంగా ఉంది. డ్రైవరు సీటు ఖాళీ.

“ఆ సీట్లో నేను లేనండి. ఎనకాల భీమరాజు గారి ఛాతీ నొక్కుతన్నాను,” అన్నాడు తాతబ్బాయి వినయంగా. “డ్రైవరు లేకుండా బండి నడవదు కదండి. ఇరవై రెండు నిమిషాలండి. తమరు ‘ఒక్క క్షణం’ అంటా మొదలెట్టేరు.”

డాక్టరు నస్రీన్ లేచి ఫోటో దగ్గరికి వెళ్లి, అద్దాలు తుడుచుకుని, దగ్గరగా చూసింది. వెనక్కి తిరిగాక ఆమె ముఖంలో నవ్వు లేదు. “ఇరవై రెండు నిమిషాలు,” అంది. “ఎస్తేరూ, నువ్వు ఆపకుండా చేశావా?”

“మార్చుకుంటూ చేశామండీ. నొక్కడం మాత్రం ఆగలేదు. అన్నీ ఆగిపోయినయ్యండీ, అదొక్కటే ఆగలేదు.”

“లింగమూర్తి గారూ,” అన్నారు పరబ్రహ్మం గారు చాలా చిన్న గొంతుతో, “ఇందాక రాసుకొన్నది... కొట్టివేయండి.”

“ఇంకుతో రాసేశానండీ.”

*

తుది ఉత్తర్వు ఇలా వెలువడింది: ‘సదరు ఉద్యోగిని స్టేషనరీ కలిగిన వాహనమందు, స్టేషనరీగా ఉన్న వాహనమందు సీపీఆర్ చేసినందున, ఉభయార్థములలోను నిర్దోషి. శ్రీ భీమరాజు గారి జీవనము పడిపోయిన తేదీ నుంచి వర్తించునట్లుగా క్రమబద్ధీకరించడమైనది.’

భీమరాజు దాన్ని ఫ్రేము కట్టించి బీమా ఆఫీసులో తగిలించాడు. పరబ్రహ్మం గారి గోడ మీది ఫ్రేము మాత్రం ఆ సాయంత్రమే దిగింది. అయినా ఆయన నష్టపోలేదు. ఒక ఉత్తర్వును రెండర్థాల్లోనూ అమలు చేసిన ఏకైక జిల్లాగా గంధవరానికి ప్రశంసాపత్రం ఇవ్వాలని ఆయనే ప్రతిపాదన పంపుకున్నారు. అది పరిశీలనలో ఉంది.

కొత్త సర్క్యులర్ మాత్రం డాక్టరు నస్రీన్ లింగమూర్తి గారికి ఇవ్వలేదు. అక్కడే కూర్చోబెట్టి ఎస్తేరు చేత రాయించింది. నాలుగే వాక్యాలు. ‘మనిషి పడ్డచోటే నొక్కడం మొదలుపెట్టండి. వీలైతే బండి ఆపి నొక్కండి. ఆపడానికి వీల్లేకపోతే డ్రైవరు మెత్తగా నడుపుతూ ప్రతి గొయ్యీ, ప్రతి మలుపూ ముందే కేకేసి చెప్పాలి. ఏమైనా సరే చేతులు ఆపకండి.’ లింగమూర్తి గారు చదివి, ఇందులో ఒక్క ‘వలెను’ కూడా లేదే, ఎవరైనా పాటిస్తారా అని అనుమానపడ్డారు.

ముప్పయ్యో తారీకు పొద్దున్న తపాలా మనిషి ఏడో నంబరు బండి దగ్గరికి వచ్చాడు. పొడుగాటి కవరు. జాబితాలో పదకొండో పేరు. ఎస్తేరు కవరుని కళ్లకద్దుకుంది. తాతబ్బాయి హారను మోగించబోయి, ఎదురుగా ఆసుపత్రి ఉందని మానేశాడు.

“ముట్టినట్టు సంతకం పెట్టండమ్మా,” అన్నాడు తపాలా మనిషి. “నా పెన్ను అయిపోయింది. మీ బండిలో ఉంటది కదా?”

ఎస్తేరు బండంతా వెతికింది. తాతబ్బాయి సీటు కింద వెతికాడు. తప్పుగా వచ్చిన స్టేషనరీనంతా బుధవారం నాడే వాపసు తీసుకున్నారు. ఎంత శ్రద్ధగా తీసుకున్నారంటే, ఎనిమిదేళ్ల నుంచి బండిలో ఉన్న సొంత పెన్ను కూడా వెళ్లిపోయింది.

“ఏటమ్మా వెతుకుతున్నారు?”

భీమరాజు. మొన్నటి చొక్కానే, నిలువునా కుట్టించుకుని వేసుకున్నాడు. చంకలో పాలసీ ఫారాలు. సంగతి విని జేబులోంచి పెన్ను తీసి ఇచ్చాడు. మిల్లు అరుగు మీద పడ్డప్పుడు పగిలిన పెన్ను, రబ్బరు బ్యాండు చుట్టి ఉంది.

ఎస్తేరు రాయబోయింది. పడలేదు.

“అది ఆగిపోద్దమ్మా అప్పుడప్పుడూ,” అన్నాడు భీమరాజు. “వదిలెయ్యకూడదు. కాస్త గట్టిగా నొక్కాలి, అంతే.”

“నొక్కడం నాకు తెలుసులెండి,” అంది ఎస్తేరు.

నొక్కింది. పెన్ను కదిలింది.